మామగారి పేరు

"పాపా, సచ్ చెప్పు. నువ్వు దారూ అమ్మేవా, లేదా?"

తండ్రిని నిలదీస్తున్న రాజేశ్ గొంతు పెద్దది. రేకుల ఇంట్లో మాట వీధిలో పడడానికి ఎంతసేపు! గౌరీదేవి గబగబా లేచి తలుపు దగ్గరికి వేసింది. వేసినా ఒరిగేదేమీ లేదని ఆమెకూ తెలుసు. తెలియాల్సిన వాళ్లందరికీ నిన్ననే తెలిసిపోయింది.

నిన్న మధ్యాహ్నం ఆ కానిస్టేబుల్ సైకిలు దిగను కూడా దిగలేదు. ఒక కాలు నేల మీద ఆనించి, కుళాయి దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లందరూ వినేట్టు చదివాడు. అప్పలకొండ, క్యాంప్ 2, డెబ్భై రెండులో అబ్కారీ కేసు, సారా అమ్ముతూ పట్టుబడి జరిమానా. చదివి, "మీ నాయకుడి చాల్‌చలన్ ఇదన్నమాట" అని నవ్వుకుంటూ పెడలు తొక్కాడు.

ఆ వేళకి చినబాబు భిలాయి ఉక్కు ప్లాంటులో డ్యూటీలో ఉన్నాడు. తన నడవడి తనకంటే ముందు వీధికి తెలిసింది.

ఇంట్లోనూ వీధిలోనూ అతను చినబాబు. కాగితాల మీదా, ప్లాంటు గేటుపాసు మీదా అప్పలకొండ. కొత్తగా వచ్చిన కార్పొరేషన్ వాళ్లు వార్డుకో సమితి వేస్తామన్నారు. కుళాయిలూ మురుగుకాలవలూ వీధిదీపాలూ కనిపెట్టుకుని ఉండడానికి జీతం భత్యం అడగని మనుషులు కావాలన్నారు. క్యాంపు బస్తీలో నీళ్ల కోసం నోరు పోయేలా అరిచేవాడు చినబాబు ఒక్కడే గనక, వీధంతా కలిసి అతని పేరు రాయించింది. పేరిచ్చిన ప్రతి మనిషి గురించీ ఠాణావాళ్లు విచారించి, మంచివాడని రాసివ్వాలట. అదీ షరతు.

మంచివాడంటే ఠాణా భాషలో పట్టుబడనివాడు.

"ప్లాంటులో చేరినప్పుడు లేని కేసు ఇప్పుడెక్కణ్ణించి ఊడిపడింది?" అంది గౌరీదేవి, కొడుక్కి వినబడాలని. "జీతమిచ్చే కొలువుకి అడ్డురానిది జీతం లేని కొలువుకొచ్చిందా? మురుగుకాలవ కాడ నిలబడ్డానికి కూడా పోలీసు చీటీ కావాలేటి?"

"అప్పుడూ విచారించేరు," అన్నాడు చినబాబు, కంచం లోంచి తల ఎత్తకుండా. "అది మన ఊళ్లో. పాతపట్నం అవతల మునసబుగారిని అడిగేరు. మంచి కుటుంబం అని రాసిచ్చేడాయన. ఇక్కడెవరూ అడగలేదు."

"అంటే?" రాజేశ్ ఆ మాట పట్టుకున్నాడు. "ఇక్కడ అడిగుంటే దొరికేదనా?"

అరుగు మీద చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

చినబాబు ఆ వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి మెడనరాలు బిగబట్టుకోవలసి వచ్చింది. అరుగు మీద కూచున్నది అతని తల్లి ముత్యాలమ్మ. ఆ కేసు ఆవిడది.

ఆ సంగతి ఈ ఇంట్లో ముగ్గురికి తెలుసు. రాజేశ్‌కి తెలియదు. తెలిసే దారి లేదు. మామ్మకి అప్పలకొండ అని ఒక పేరుందనే వాడెరగడు.

అది సింహాచలం అప్పన్నకి మొక్కుకుని పెట్టే పేరు. ఆడా మగా అని చూడరు. పుట్టింట్లో ఆవిడ అప్పలకొండే. పెళ్లయి కాపరానికి వస్తే మామగారి పేరూ అదే అయింది. మామగారి పేరు కోడలు నోట పలకకూడదు. ఆ పేరు పెట్టి కోడల్ని పిలిస్తే ముసలాయనకి మర్యాద కాదు. అందుకని అత్తగారు గడప దాటించిన పూటే "నువ్వు ముత్యాలమ్మవే" అని తేల్చేసింది. కోడలి పేరు అంత తేలిగ్గా పోయింది. తరవాత కొడుకు పుడితే తాత పేరు పెట్టారు. తల్లి ఆ కొడుకునీ పేరుతో పిలవలేదు. పిలిస్తే మామగారిని పిలిచినట్టే. "చినబాబూ" అంది. ఊరూ అదే అంది. భిలాయి వచ్చినా అదే నిలిచింది. ఆవిడ రేషన్ కార్డులోనూ ముత్యాలమ్మే.

చినబాబు తండ్రి కామెర్లతో పోయాక, పిల్లల కడుపులు చూసుకోవడానికి ఆవిడ ఈ క్యాంపులోనే ఇప్పసారా అమ్మింది. పట్టుకుపోయారు. జరిమానా కట్టించుకుని వదిలారు. ఆవిడ అక్కడితో మానేసింది. ఆ సంగతి ఎరిగినవాళ్లు ఒకరిద్దరు తప్ప వీధిలో మిగల్లేదు. ఇప్పుడీ వీధిలో ఏ ఇంట పురుడు వచ్చినా, బిడ్డకి మొదటి నీళ్లు ఆవిడ చేతి మీదుగా పడాలంటారు. రామాలయంలో శనివారం భజన ఆవిడ గొంతెత్తితేగాని మొదలవదు.

"అడిగింది నిన్నే, పాపా."

చినబాబు చెయ్యి కడిగేసుకున్నాడు, కంచంలోనే.

"అమ్మేను," అన్నాడు. "నేనే. అప్పుడు పనీ పాటా లేదు. అమ్మేను."

గౌరీదేవి చప్పున అరుగు వైపు చూసింది.

రాజేశ్ తండ్రిని పైనించి కింద దాకా చూశాడు. ఆ చూపు చినబాబుకి కొత్త కాదు. ప్లాంటు క్వార్టర్లున్న సెక్టర్లలో సాహెబ్‌లు క్యాంపువాళ్లని అలా చూస్తారు. ఇంట్లో మాత్రం ఎవరూ చూడలేదు.

"సెక్టర్ 6లో క్వార్టర్ ఇస్తామన్నా మీరు ఈ గల్లీ వదల్లేదు. ఎందుకూ అని నా బచ్‌పన్ నుంచీ అడుగుతున్నా. ఇప్పుడు సమఝ్ అయింది. పాత గిరాకీలు ఇక్కడే ఉన్నారు కదా!"

"ఒరే!" అంది గౌరీదేవి.

"నన్నెందుకు అరుస్తావ్, అమ్మా? నిన్న దోస్తులు ఏమన్నారో తెలుసా? 'రాజేశ్ భాయ్, మాకూ ఒక పావు సీసా ఇప్పించు' అన్నారు. అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను. ఏం చెయ్యను మరి?"

తలుపు విసురుగా తీసుకుని వెళ్లిపోయాడు. అరుగు మీద మామ్మని దాటేటప్పుడు మాత్రం అడుగు తగ్గించాడు. ఆవిడ చీర కొంగు తొక్కకూడదని.

"ఎందుకలాగన్నారు?" అంది గౌరీదేవి, గొంతు బాగా తగ్గించి.

"మరేటనమంటావు?"

"ఉన్నదనండి."

"మీ మామ్మ అమ్మిందిరా అని చెప్పమంటావా వాడికి? వాడు ఠాణాకి పోయి చెప్తాడు. ఠాణావాడు సైకిలెక్కొచ్చి మళ్లీ కుళాయి దగ్గరే చదువుతాడు. అప్పుడు బిందెలోళ్లందరూ తల తిప్పి ఈ అరుగు కేసి చూస్తారు. నువ్వు చూడగలవేటి?"

"కడుపు కోసం అమ్మింది. దొంగతనం చేసిందా?"

"అది నీకు తెలుసు, నాకు తెలుసు."

గౌరీదేవి కంచం తీసింది. అన్నం అలాగే ఉంది. "మీ అమ్మని మీరు దాచుకుంటారు. బాగానే ఉంది. మీ కొడుకు మిమ్మల్ని ఎలా చూసేడో, అది మాత్రం నేను చూడాలా?" అని వెనక్కి వెళ్లిపోయింది.

*

నరసింగరావు వచ్చేసరికి ఎండ ఎక్కింది. అతనిదీ పాతపట్నం వైపే. వరసకి బావ. నీళ్ల ట్యాంకరు ఒకటి పెట్టుకుని, కుళాయి రాని వీధులకి నీళ్లు అమ్ముతాడు. కుళాయి సరిగ్గా వస్తే ట్యాంకరు ఎవడికి కావాలి? ఆ సమితికి అతనూ పేరిచ్చాడు. అతని విచారణ పూర్తయింది. ఏ మచ్చా లేదని తేలింది.

"ఏటి బావా, ఆదివారం పూట మొహం అలా వేలాడేసేవు?" అంటూ గుమ్మంలోనే బల్ల లాక్కుని కూచున్నాడు. "అత్తా, బాగున్నావా?" అని అరుగు మీదికి ఒక పలకరింపు విసిరాడు. ముత్యాలమ్మ తల ఊపింది.

"విషయం ఏటో చెప్పు," అన్నాడు చినబాబు.

"నీ మంచికే వచ్చేను. కోపం తెచ్చుకోకు." నరసింగరావు ముందుకి వంగాడు. మాట గుసగుస అయింది. "మీ అమ్మ చేతి సారా నేను తాగలేదేటి, బావా? మీసాలు రాని రోజుల్లో మొదటి చుక్క ఈ అరుగు మీదే కదా తాగింది. ఇన్నేళ్లలో నోరు విప్పేనా? విప్పను. మనూరి మనిషి. కానీ విచారణ అన్నాక పదిమందిని పిలిచి అడుగుతారు. నన్నూ అడుగుతారు. అప్పుడు నేను అబద్ధమాడితే ఎలా? సర్కారు పని కదా."

చినబాబు అతని మొహం కేసి చూశాడు. అందులో కపటం కనబడితే కొట్టడానికి తేలికగా ఉండేది. కనబడలేదు. నిజంగానే మేలు చేస్తున్నాననుకుంటున్నాడు నరసింగరావు. అలాంటి వాళ్లతో గెలవడం కష్టం.

"ఏటి చెయ్యమంటావు?"

"రేపు ఠాణా నుంచి కాగితం పైకెళ్తుంది. ఈలోగా నీ పేరు వెనక్కి తీసుకో. మనిషే లేకపోతే విచారణేటి? ఎవడూ ఏదీ తవ్వడు. అత్త మర్యాద అత్తకుంటుంది."

"నీ ట్యాంకరు నీకుంటుంది."

"అదీ ఉంటుంది," అన్నాడు నరసింగరావు, నొచ్చుకోకుండా. "నా పిల్లలూ తినాలి కదా, బావా."

చినబాబు గోడకి చేరబడ్డాడు. చలికాలం తెల్లవారుజామున బిందెలు పట్టుకుని ఆ కుళాయి చుట్టూ కొట్టుకునే ఆడవాళ్లు గుర్తొచ్చారు. "చినబాబు భయ్యా సమితిలోకి వెళ్తే మన గల్లీకి వేరే పైపు పడుతుంది" అని ఛత్తీస్‌గఢీ ముసలమ్మ ఒకావిడ అందరికీ చెప్పుకు తిరుగుతోంది. ఆవిడ కూడా నిన్న కుళాయి దగ్గరే ఉంది.

"సరే," అన్నాడు. "రాజగోపాల్ మాస్టారే కదా పేర్లు రాసుకున్నది. వెళ్లి కొట్టేయమని చెప్తాను."

"బతికించేవు!" నరసింగరావు లేచి అతని భుజం తట్టాడు. వెళ్తూ వెళ్తూ ముత్యాలమ్మకి వంగి దండం పెట్టాడు. ఆవిడ ఈసారి తల ఊపలేదు.

*

"చినబాబూ, ఇలా రా."

చినబాబు అరుగు మీదికి వచ్చి, తల్లి పక్కన కాకుండా రెండు మెట్లు కింద కూచున్నాడు. ఆవిడ చేటలో రాళ్లు ఏరుతూనే ఉంది. ఏరిన బియ్యమే మళ్లీ ఏరుతోంది.

"ఆడేటన్నాడు?"

"ఏమీ లేదమ్మా. సమితి సంగతి."

"నాకు సెవుడు నేదురా."

చినబాబు మెట్టు మీద పడ్డ గింజలు ఏరి చేటలో వేశాడు.

"ఆవేళ ఠాణాలో నన్నడిగేరు. నిజం పేరు సెప్పకపోతే లోపలేస్తామన్నారు. ముత్తేలమ్మంటే అత్తోరింటి పేరు. ఆ ఇంటి పేరు మీద మచ్చెందుకని, నా పుట్టింటి పేరు సెప్పేను. కాపరానికొచ్చేక ఆ పేరు నా నోట రావడం అదొక్కసారే. ఎవులికీ తెలీని పేరు, ఎవులికీ తగలదనుకున్నాను." ఆవిడ వేళ్లు ఆగాయి. "నీకా పేరున్నట్టు నాకు గేపకమే రానేదురా. నానెప్పుడేనా నిన్నలా పిలిసేనేటి? నాకు నువ్వు చినబాబువే. మరింకెవులివి?"

చినబాబుకి నవ్వొచ్చింది. అది ఏడుపులోకి తిరగకముందే మొహం తిప్పుకున్నాడు.

"పోనీలే, అమ్మా. అయిపోయింది. పేరు కొట్టించేస్తున్నాను."

"పేరు కొట్టించీసినా ఆ గుంటడు నిన్ను సూసిన సూపు కొట్టించగలవా? కానిస్టేబు సదివితే నాకు నొప్పెట్టనేదు. ఆడు సూస్తే పెట్టింది." ఆవిడ చేట పక్కన పెట్టింది. "నానెల్తాను ఠాణాకి. అది నా కేసు. నా కేసు నాకిచ్చీమంటాను."

"నువ్వెక్కడికీ వెళ్లవు."

"ఎందుకెల్లను?"

"వెళ్తే నా మీద ఒట్టే!"

అంత గట్టిగా అరుస్తాననుకోలేదు చినబాబు. ఎదురింటి కిటికీ తలుపు కదిలింది. ముత్యాలమ్మ కొడుకుని చూసింది, కోపంగా కాదు. జ్వరంతో కలవరించే పిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

"సిన్నప్పుడూ ఇంతే నువ్వు," అంది. "నాను కట్టెల మోపెత్తితే ఏడిసీవోడివి, నువ్వు మోస్తానని. మొయ్యలేక కిందేసీవోడివి."

చినబాబు చెప్పులు తొడుక్కుని మాస్టారింటికి బయల్దేరాడు.

*

మాస్టారు ఇంట్లో లేరు. సుపేలా బజారుకి వెళ్లారన్నారు. వాళ్ల గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు చినబాబు. చెప్పవలసిన మాట లోపల తయారుగా ఉంది. వినేవాళ్లు లేకపోయేసరికి మనసు తేలికపడింది. తేలికపడినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. తల్లిని కాపాడాలని బయల్దేరినవాడు సీటు ఇంకా మిగిలిందని సంతోషిస్తాడా?

తిరిగొచ్చేసరికి అరుగు ఖాళీ. చేట బోర్లించి ఉంది.

"అమ్మేదీ?"

గౌరీదేవి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "రాజేశ్ వచ్చేడు. ఠాణాకి తీసుకెళ్లమంది. మీ కోసం బతిమాలడానికేమో అనుకుని లూనా మీద ఎక్కించుకున్నాడు."

"నువ్వు ఆపలేదా?"

"నేనే రేషన్ కార్డు తీసిచ్చేను," అంది గౌరీదేవి. కళ్లు దించుకోలేదు.

చినబాబు సైకిలు తీశాడు.

*

ఠాణా వరండాలో పంకా చప్పుడు చేస్తూ తిరుగుతోంది. బల్ల వెనక మున్షీ, అంటే ఠాణా రాతకోతలు చూసే నడివయసు మనిషి, వేరుశనగలు ఒలుచుకుంటున్నాడు. ఎదురుగా ముత్యాలమ్మ నిలబడి ఉంది. భజనకి కట్టుకునే చీర కట్టుకుంది. పక్కన రాజేశ్.

చినబాబు మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

"వో కేసు హమారా హై, బాబూ," అంటోంది ఆవిడ, ఇన్నేళ్లూ కూరలబండి వాళ్లతో నేర్చుకున్న హిందీలో. "దారూ హమ్ బేచా. లడకా నై బేచా. లడకా అచ్ఛా హై." సారా అమ్మింది తనేనని, కొడుకు కాదని.

రాజేశ్ మొహం తిప్పి మామ్మని చూశాడు. వాడి నోరు కొంచెం తెరుచుకుంది. "మామ్మా..." అన్నాడు. ఆవిడ వాడి చేతి మీద చెయ్యి వేసి నొక్కింది, ఊరుకోమన్నట్టు.

మున్షీ నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. "అమ్మా, ఇక్కడికి రోజూ ఒక తల్లి వస్తుంది. నేను పొడిచాను అంటుంది, నేను దొంగిలించాను అంటుంది. కొడుకు మాత్రం ఇంట్లో కూచుంటాడు," అన్నాడు హిందీలో. రేషన్ కార్డు తిరగేసి చూశాడు. "నీ పేరు ముత్యాలమ్మ. కేసు అప్పలకొండ మీద. పాత ఫైలు చెదలు తినేసింది, మిగిలింది ఆ ఒక్క పేరే. నీ కొడుకు పేరు అప్పలకొండ. ఇందులో నువ్వెక్కడున్నావు? ఎండలో పడి వచ్చావు, నీళ్లు తాగి వెళ్లు."

"ముత్తేలమ్మ బాద్ మే ఆయా. పెహలే దూస్రా నామ్." ఆ పేరు తరవాత వచ్చిందని, ముందు వేరే పేరుండేదని చెప్పుకుంది.

"ఏం పేరు?"

ముత్యాలమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"బోలో, అమ్మా. ఏం పేరు?"

ఆవిడ పెదవులు కదిలాయి. మాట రాలేదు. కొంగు తల మీదికి లాక్కుంది, ఎదురుగా ఎవరో పెద్దమనిషి వచ్చి నిలబడినట్టు. పోయిన మామగారు పంకా కింద, మున్షీ కుర్చీ వెనక నిలబడి ఉన్నాడేమో ఆవిడ కళ్లకి. చెప్పొద్దని అరవాలనిపించింది చినబాబుకి. చెప్పెయ్యమనీ అనిపించింది. రెండూ ఒక్కసారే.

ఆవిడ కళ్లు మూసుకుంది.

"అప్పలకొండ," అంది.

ఆ గొంతులో ఆ పేరు చినబాబు ఎన్నడూ వినలేదు. జోలపాటలో వినలేదు, తిట్టులో వినలేదు.

మున్షీ వేరుశనగ తొక్కు ఊదేశాడు.

"అరే అమ్మా, అడిగింది కొడుకు పేరు కాదు. నీ పేరు."

ముత్యాలమ్మ కళ్లు తెరిచింది. ఆ మొహంలో ఏముందో చెప్పడం కష్టం. ఇన్నాళ్లూ దాచుకున్నది బల్ల మీద పెడితే, ఇది చెల్లదని తోసేసినట్టయింది. చుట్టూ చూసింది. మెట్ల దగ్గర కొడుకు కనబడ్డాడు.

మున్షీ కూడా అటు చూశాడు. "వచ్చావా, నేతాజీ? రా. ఇక్కడితో తేలిపోతుంది." నవ్వు తగ్గించి, కలం తీశాడు. "నువ్వే చెప్పు. మీ అమ్మ అసలు పేరు ఏమిటి?"

ముత్యాలమ్మ అని చెబితే తల్లి అబద్ధాలకోరు అవుతుంది, తను సారా అమ్మినవాడవుతాడు. రెండో పేరు చెబితే, కన్నతల్లి మీద సాక్ష్యం చెప్పిన కొడుకు అవుతాడు. రాజేశ్ తండ్రి కేసే చూస్తున్నాడు. పొద్దుటి చూపు కాదది. ఏమిటో ఇంకా తేలని చూపు.

చినబాబు మెట్టెక్కాడు.

తల్లి అతని దగ్గరికి జరిగి, తెలుగులో, అతనికి మాత్రమే వినబడేట్టు అంది:

"సెప్పరా, నాయినా. పలక్కూడనిది నాకు గాని నీకేటి? నీకు తాత పేరే కదా. నీ తప్పేటీ నేదు."